గాజు లోపలి పేరు

పెయింటర్ పోయాడని నాకు యాదగిరి చెప్పాడు. నల్లగండ్లలో మా దుకాణానికి ఎదురుగా చాయ్ అమ్ముతాడతను. ఆ రోజు మేము మిగిలిన డబ్బాలు ఆటోలోకి ఎక్కిస్తున్నాం. యాదగిరి గిన్నె కడుగుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"సార్, మీ బోర్డు రాసినాయన లేడంట."

"ఎక్కడికి వెళ్ళాడు?"

"ఎక్కడికి పోతడు సార్. లేడు. మొన్న పొద్దుగాల పానం పోయిందంట, గోపన్‌పల్లిల."

ఆటో అతను తాడు బిగించమని తొందరపెట్టాడు. బిగించాను. మా ఆవిడ వకుళ లోపల్నుంచి "ఏమైందండీ?" అని అడిగింది. చెప్పాను. ఆమె చేతిలోని తక్కెడ పళ్ళెం కింద పెట్టి గాజు తలుపు వంక చూసింది. ఆ తలుపు మీద ఆమె పేరు ఉంది: వకుళ పొడులు, పచ్చళ్ళు. బయటినుంచి చూస్తే బంగారు అక్షరాలు. లోపలినుంచి చూస్తే నల్లరంగు, అక్షరాలన్నీ అటుదిటుగా తిరగబడి ఉంటాయి.

"మరి దీన్ని ఎవరు తుడుస్తారు?" అంది.

నెలాఖరుకు దుకాణం ఖాళీ చేసి తాళం ఓనర్‌కి ఇవ్వాలి. ఆ లోపు ఆ పేరు తుడవాలి. పెయింటరే తుడవాలి, అది ఆయన పద్ధతి. అందుకోసమని ఒకసారి వచ్చాడు కూడా. తుడవకుండా వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. అందరికీ ఆయన పెయింటర్ సాబ్. సన్నటి మనిషి, కుడివైపుకి కాస్త వంగి నడిచేవాడు. నిచ్చెన మోసిన భుజం అదే కావచ్చు. పాత మోపెడ్, దాని ముందు రంగు డబ్బాల సంచి. మనతో మాట్లాడుతున్నప్పుడు ఆయన చూపు మన ముఖం మీద ఉండేది కాదు, మన వెనక ఉన్న బోర్డు మీద ఉండేది. ఒక కన్ను మూసి, చూపుడువేలు గాల్లో ఆడించి, ఏదో అక్షరం దగ్గర ఆగి నాలుక చప్పరించేవాడు. మనం చెప్పింది విన్నాడో లేదో తెలిసేది కాదు. చివరికి సరైన జవాబే చెప్పేవాడు.

కుర్రవాళ్ళు ఫోన్‌లో ఏదో డిజైన్ చూపించి "అంకుల్, ఇలా రాయాలి" అంటే, ఫోన్ తీసుకుని తలకిందులు చేసి చూసేవాడు.

"అట్ల కాదు అంకుల్, ఇటు తిప్పండి."

"నాకెర్కే బిడ్డా. ఉల్టా చేస్తె కూడ పడిపోకుండ నిలవడాలె. గప్పుడు రాస్త."

వాళ్ళు నవ్వేవాళ్ళు. తలకిందులుగా చూస్తే మనం చదవం, ఆకారం మాత్రం కనిపిస్తుంది, అందుకే అలా చూసేవాడని నేను అనుకున్నాను. ఆయన మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు. ఆయన గురించి నాకు తెలిసినవి చాలావరకు ఇలాంటివే, నేను అనుకున్నవి.

"ఫ్లెక్సీలు వచ్చి మీ పని దెబ్బతీశాయి కదా" అని ఒకసారి జాలిగా అన్నాను.

"ఫ్లెక్సీ మంచిది సార్. గాలికి అదే పోతది. ఎవరూ తుడిసే పనిలేదు."

తమాషాకి అన్నాడనుకున్నాను. అప్పటికి నాకు ఆయన తుడుపు సంగతి తెలియదు.

గచ్చిబౌలి నుంచి తెల్లాపూర్ దాకా ఆయన పేర్లు రాసిన చిన్న దుకాణాలు ఉండేవి. టిఫిన్ సెంటర్లు, హాస్టళ్ళు, పంక్చర్ షాపులు, ఇస్త్రీ కొట్లు. ఈ వైపు దుకాణాలు తెరిచినంత తొందరగానే మూతపడతాయి. ఒక కంపెనీ ఇంకో బిల్డింగ్‌కి మారితే వెనక వీధిలో టిఫిన్ సెంటర్ పోతుంది. అలా మూతపడ్డ చోటికి ఆయన ఎవరూ పిలవకుండానే వెళ్ళి, తాను రాసిన పేరు తానే తుడిచి వచ్చేవాడు. గోడ అయితే సున్నం కొట్టేవాడు. రేకు అయితే థిన్నర్, పాత గుడ్డ. గాజు అయితే బ్లేడు. రాసిన చెయ్యే తుడవాలి అనేవాడు.

ఎందుకని అడిగాను.

"పేరుంటె మనిషున్నడనుకుంటరు సార్. ఎండల పడి వచ్చి షట్టర్ కొడ్తరు. పాపం కద."

ఒకసారి ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్లలు ఆయన్ని పిలిపించి, ఆఫీసు గోడ నిండా తమ కంపెనీ పేరు తెలుగులో రాయించుకున్నారు. దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారట. కొన్నాళ్ళకు ఆ కంపెనీ ఆ అంతస్తు ఖాళీ చేసింది. ఈయన సున్నం బకెట్‌తో గేటు దగ్గరికి వెళ్ళాడు. పాస్ లేదని సెక్యూరిటీ వాళ్ళు లోపలికి పోనివ్వలేదు.

"లోపల ఏం పని తాతా నీకు?"

"ఒక పేరున్నది. తుడిసి పోత."

"నీ పేరా?"

"నా పేరెందుకుంటది? నేను రాసిన పేరు."

సెక్యూరిటీ అతనికి ఇది అర్థం కాలేదు. ఈ సంగతి నాకు చెప్పినప్పుడు ఆయన కోపంగా లేడు, ఇబ్బందిగా ఉన్నాడు. ఎక్కడో కొళాయి కట్టేయడం మరిచి వచ్చిన మనిషిలా. ఆ తర్వాత చాలాకాలం ఆ బిల్డింగ్ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా మోపెడ్ నెమ్మది చేసి పైకి చూసేవాడని యాదగిరి చెప్పాడు.

ఇంకో సంగతి కూడా యాదగిరే చెప్పాడు. గోపన్‌పల్లిలో ఒక టిఫిన్ సెంటర్ మూతపడింది. వానకు గోడ మీద పేరు సగం కొట్టుకుపోయింది. ఈయన తుడవడానికి వెళ్ళి, చూసి, వెనక్కి వచ్చి రంగు కలుపుకుని వెళ్ళి, పోయిన సగాన్ని మళ్ళీ రాశాడు. ఆరనిచ్చాడు. మర్నాడు వచ్చి మొత్తానికి సున్నం కొట్టాడు.

"నేనే అడిగిన సార్, ఏంది సాబ్, జర దిమాక్ గిట్ల తిరిగిందా అని. సగం పేరు తుడవద్దు అన్నడు. మనిషిని సగం సగం పంపుతమా అన్నడు. నేనింకేం మాట్లాడలే, చాయ్ పోసిన."

ఇక మా సంగతి. వకుళ మొదట దుకాణం పెట్టినప్పుడు పైన రేకు బోర్డు రాసింది ఆయనే. ఎర్ర అక్షరాలు, పసుపు నీడ. నేను అప్పటికింకా కంపెనీలో, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాసే పనిలో ఉన్నాను. దుకాణం ఆమెది. తెనాలి నుంచి తెచ్చుకున్న రోలు, వాళ్ళ అమ్మ చెప్పిన కొలతలు, సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు. వాళ్ళకు ఆమె ఆంటీ. నన్ను చాలామంది ఆమె దగ్గర పనిచేసే మనిషి అనుకునేవారు. నాకు అభ్యంతరం లేదు.

ఆ మధ్య వాళ్ళ అమ్మకు ఒంట్లో బాగాలేక ఇద్దరం తెనాలి వెళ్ళి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. షట్టర్ మీద కాగితం అంటించాం గానీ అది గాలికి పోయింది. తిరిగి వచ్చి చూస్తే బోర్డు మీద ఏమీ లేదు. శుభ్రంగా, తళతళలాడుతూ ఒట్టి రేకు.

వకుళ ఆయనకు అక్కడే ఫోన్ చేసింది. ఆయన మోపెడ్ మీద వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది.

"మేము చచ్చిపోయామనుకున్నారా పెయింటర్ గారూ?"

"అయ్యో, గట్లనకమ్మా. షట్టర్ తెరవలే, తెరవలే, ఇగ పోయినరేమో అనుకున్న."

"అనుకుంటే అడగరా? ఫోన్ లేదా? యాదగిరిని అడగొచ్చుగా?"

"అడిగిన. గాయన కూడ ఎర్కలేదన్నడు."

ఎదురుగా యాదగిరి చాయ్ వడపోస్తూ వెంటనే వెనక్కి తిరిగాడు.

"మీరేం మనిషండీ అసలు! మా అమ్మ మంచం మీద ఉంటే నేనక్కడ, ఇక్కడ మీరు నా పేరు తుడిచేస్తారా?" పెయింటర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటిసారి ఆయన చూపు ఎదుటి మనిషి ముఖం మీద ఉంది, బోర్డు మీద కాదు. అమ్మ ఎట్లున్నది అని అడిగాడు. ఆమె చెప్పింది, అమ్మ కోలుకుంది. అయితే మంచిదమ్మా, మంచిదమ్మా అని చాలాసార్లు అన్నాడు.

"ఈసారి నా చెయ్యి అందని కాడ రాస్త" అన్నాడు వెళ్ళేముందు. మాకు అర్థం కాలేదు.

మర్నాడు గాజు తలుపు కొలత తీసుకున్నాడు. గాజు లోపలి వైపు, బంగారు వరఖుతో, అంటే ఊదితే ఎగిరేంత పల్చటి బంగారు రేకుతో రాస్తానన్నాడు. బయటికి కనిపిస్తుంది, కానీ తుడవాలంటే దుకాణం లోపలికి రావాలి. వకుళ తాళం తీస్తేనే రాగలడు. అంటే ఇక మీదట ఆమె చేత్తో తెరిచి పిలిస్తే తప్ప ఆ పేరుకు ఆయన వల్ల ప్రమాదం లేదు. ఆయన తప్పుకు ఆయన వేసుకున్న తాళం అది. ఆ ఆలోచన చెప్పి మా ఇద్దరి వంకా చూశాడు, సరిపోతుందా అన్నట్టు.

"కారప్పొడి కొట్టుకి బంగారమా!" అంది వకుళ. కోపం అప్పటికే పోయింది.

వరఖు పాతబస్తీ నుంచి తెచ్చాడు, కాగితాల మధ్య పెట్టిన చిన్న పుస్తకంలా ఉంది. మందుల షాపులో ఖాళీ క్యాప్సూల్ గొట్టాలు కొన్నాడు. వాటిని వేడినీళ్ళలో కరిగిస్తే పల్చటి జిగురు అవుతుంది. అది గాజుకు పూసి, తడి మీద వరఖు పరచాలి. వెడల్పు కుంచెను ఒకసారి తన చెంపకు రుద్దుకునేవాడు. చెంప మీది జిడ్డుకు ఆ రేకు కుంచెను పట్టుకుంటుంది. ఫ్యాన్ కట్టేయమన్నాడు. మాట్లాడొద్దన్నాడు. ఊపిరి కూడా నెమ్మదిగా తీయమన్నాడు. అది ఎండుమిరపకాయలు దంచిన గది అని ముగ్గురమూ మరిచిపోయాం. ఆయనకు తుమ్ము వచ్చింది. కుంచె మీది వరఖు ఎగిరి గదిలో తిరిగి, ముక్కలై, సగం నా కళ్ళజోడు మీద, మిగతా సగం చల్లారబెట్టిన సాంబారు పొడి మీద పడింది.

వకుళ పగలబడి నవ్వింది. ఆయన నవ్వలేదు. పొడి వంక చూస్తూ, "తీసేద్దమా అమ్మా?" అన్నాడు.

"ఎలా తీస్తారు? ఉండనివ్వండి."

ఆ వారం ఒకమ్మాయి వచ్చి, "ఆంటీ, సాంబారు పొడిలో ఏదో మెరుస్తోంది, పురుగా?" అని అడిగింది. "పెయింటర్ గారిది" అంది వకుళ. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో గానీ ఆ డబ్బా వెనక్కి ఇవ్వలేదు.

వరఖు ఆరాక దాని వెనక నల్లరంగుతో అక్షరాలు రాశాడు, కుడి నుంచి ఎడమకు, తిరగేసి. ఏ నమూనా పెట్టుకోలేదు. రంగు ఆరాక తడి దూదితో మిగతా బంగారాన్ని తుడిచేస్తే అక్షరాల వెనక ఉన్నది మాత్రం నిలిచింది. మేము వీధిలోకి వెళ్ళి చూశాం. యాదగిరి కూడా వచ్చి చూశాడు. "ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు పెయింటర్.

ఆ పేరు అలాగే ఉంది. ఒకసారి పచ్చడి డబ్బా అంచు తగిలి 'వకుళ'లోని 'ళ' అడుగున గోరంత ముక్క రాలింది. ఫోన్ చేద్దామని వకుళ చాలాసార్లు అనుకుని మానేసింది.

ఈ ఏడు ఆమె కుడి భుజం పూర్తిగా మొరాయించింది. దంచడం, కలపడం, జాడీలు ఎత్తడం, ఇవన్నీ మానాలని డాక్టరు చెప్పాడు. పనిమనుషుల్ని పెట్టుకుని నడుపుదామా అన్నాను. నా చేత్తో చేయనిది నా పేరు మీద ఎందుకండీ అంది. మూసేద్దామని ఆమే అంది, పెయింటర్‌కి ఆమే ఫోన్ చేసింది.

"పెయింటర్ గారూ, ఈసారి నిజంగానే మూసేస్తున్నానండీ. వచ్చి తుడవండి."

అటువైపు మోపెడ్ ఆపిన చప్పుడు వినిపించింది.

"ఎవరు చెప్పినరమ్మా?" అన్నాడు.

"ఎవరో చెప్పడమేంటి? నేనే చెబుతున్నా."

"గట్లనా" అన్నాడు.

ఆయన వచ్చిన రోజు వకుళ ఆస్పత్రికి వెళ్ళింది. నేను తాళం తీశాను. చిక్కిపోయాడు. సంచి బల్ల కింద పెట్టి, గాజు ముందు నిలబడి, వేలితో అక్షరాల వెంట తడిమాడు. చాయ్ తెస్తానని నేను యాదగిరి దగ్గరికి వెళ్ళాను. అక్కడ ఓనర్ కనిపించి మాటల్లో పెట్టాడు, కొత్తగా రాబోయే పిజ్జా కొట్టు గురించి. చాలా ఆలస్యమైంది. తిరిగొచ్చేసరికి పెయింటర్ బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఫ్యాన్ కట్టేసి ఉంది. తడి రంగు వాసన వేసింది గానీ అది ఆయన దగ్గర ఎప్పుడూ ఉండే వాసనే. తలుపు మీద పేరు అలాగే ఉంది.

"తుడవలేదా?"

"చూసిన సార్."

"ఒంట్లో బాగాలేదా?"

"మంచిగనే ఉన్న." చాయ్ తాగి, షక్కర్ ఎక్కువేసిండు అన్నాడు. "అమ్మ ఇంట్ల ఏం చేస్తది ఇప్పుడు?"

"ఏమీ లేదు. ఖాళీగానే."

"ఖాళీగనా?" బాగా లేని అక్షరం చూసినప్పటిలా నాలుక చప్పరించాడు. లేచి వెళ్ళిపోయాడు. సంచి మరిచిపోయాడు. తర్వాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. పని మీద ఉంటే ఎత్తడు కదా అనుకున్నాం.

ఆయన పోయాక ఒకరోజు నేను గోపన్‌పల్లి వెళ్ళాను. కొత్త అపార్ట్‌మెంట్ల వెనక పాత ఊరు మిగిలిన సందులో ఇల్లు. గేటుకు ఆయన ఫొటోతో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. కంప్యూటర్ అక్షరాలు. ఆయన భార్య నాకు కుర్చీ వేసి తాను గడప మీద కూర్చుంది. ఆఖరి రోజుల్లో కళ్ళు కనపడేవా అని అడిగాను. చెయ్యి వణికేదా అని అడిగాను. నాకు ఒక కారణం కావాలి.

"కండ్లు మంచిగనే ఉండె. చెయ్యి కూడ మంచిగనే ఉండె. పొట్టల నొప్పి అనెటోడు, గంతే."

"పేర్లు ఎందుకు తుడిచేవాడో మీకు చెప్పాడా?"

"రంగు పోయిన పేరు చూస్తె నా చెయ్యి బద్నాం అయితదనెటోడు."

నాకు చెప్పింది వేరు. ఎండలో పడి వచ్చేవాళ్ళ గురించి. యాదగిరిని అడిగితే, పాత పేరు ఉండగా కొత్త దుకాణం నిలవదని చెప్పాడట. మూడింట్లో ఏది నిజమో తెలియదు. మూడూ కావచ్చు. ఏదీ కాకపోవచ్చు.

నేను లేచేటప్పుడు ఆమె ఫ్లెక్సీ వైపు చూసింది. "దినాలైనంక ఇది తీసెయ్యాలె. ఆయనుంటె ఆయనే తీసెటోడు" అని, తన మాటకు తానే ఒక క్షణం నవ్వి, కొంగుతో మూతి తుడుచుకుంది. సంచి తీసుకెళ్ళి ఇచ్చాను. వద్దంది. ఎవరు వాడుతరు సార్ అంది.

తాళం ఇచ్చే రోజు ఓనర్ కారులో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. తాను ఎవరినైనా పంపి గీకించేస్తానన్నాడు. వకుళ ఒప్పుకోలేదు. సంచి విప్పింది. అట్టలో చుట్టిన బ్లేడు ఉంది, దూది ఉంది, క్యాప్సూల్ గొట్టాలు ఉన్నాయి, వరఖు పుస్తకంలో కొన్ని రేకులు మిగిలి ఉన్నాయి. తుడిచేవీ రాసేవీ అన్నీ ఒకే సంచిలో.

బయట నిలబడి ఎలా కనిపిస్తుందో చూడమంది. వీధిలోకి వెళ్ళి చూశాను. అప్పుడు గమనించాను, 'ళ' అడుగున రాలిన ముక్క లేదు. అక్షరం నిండుగా ఉంది. కొత్త బంగారం పాతదానికంటే కొంచెం పచ్చగా ఉంది.

వెళ్ళి ఆమెకు చూపించాను. ఆమె లోపలి వైపు వేలు పెట్టి చూసింది. నల్లరంగు అక్కడ ఒక చుక్కంత మందంగా ఉంది.

"సగం పేరు తుడవనన్నాడుగా. పూర్తి చేసి పెట్టుకున్నాడు. ఆరాక మర్నాడు వద్దామనుకుని ఉంటాడండీ" అంది.

"లేదంటే ఉంచుదామనుకున్నాడేమో."

"మూసేశానని నేనే చెప్పానుగా."

"ఒకసారి మూసెయ్యని దుకాణాన్ని మూసేశారనుకున్నాడు. ఈసారి మూసేసినదాన్ని..."

"మీరు ఊరుకోండి" అంది. కాసేపు బ్లేడు చేతిలో తిప్పింది. "రాసిన చెయ్యి ఎలాగూ లేదు. పేరు నాది. నేను తుడుస్తాను."

కుడి చెయ్యి పైకి లేవదు. ఎడమ చేత్తో మొదలుపెట్టింది. నేను చేస్తానంటే వినలేదు. బయటినుంచి చూస్తుంటే 'పచ్చళ్ళు' పోయింది, 'పొడులు' పోయింది, అవి పోయిన చోట ఆమె చీర, మోచెయ్యి కనిపించాయి. 'వకు' పోయింది. ఆయన అతికిన అక్షరం దగ్గర ఆగి, గాజు అవతల్నుంచి నన్నేదో అడిగింది. వినిపించలేదు. అయినా తల ఊపాను. ఏ ప్రశ్నకు ఊపానో నాకు తెలియదు. ఆమె దాన్ని కూడా తుడిచేసింది.

అప్పుడే ఒకమ్మాయి స్కూటీ ఆపింది. మెడలో ఆఫీసు కార్డు ఇంకా తీయలేదు. ఖాళీ గాజు వంక చూసింది, నా వంక చూసింది, నేరుగా వెళ్ళి తలుపు కొట్టింది. పేరు చూసే జనం వచ్చి షట్టర్ కొడతారని పెయింటర్ నాకు చెప్పిన మాట ఆ క్షణంలో ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

వకుళ తలుపు తీసింది.

"ఆంటీ, కరివేపాకు పొడి ఉందా?"

వకుళ వెనక్కి తిరిగి ఖాళీ అరల వంక చూసింది. ఇంట్లోకని పక్కన పెట్టుకున్న చిన్న డబ్బా ఒకటి మూలన ఉంది. గీకిన నలుసులు అంటిన ఎడమ చేత్తో తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి డబ్బా అటూ ఇటూ తిప్పి, మూత మీద వేలితో రుద్దింది.

"ఇదేంటి ఆంటీ, మెరుస్తోంది?"

"పెయింటర్ గారిది" అంది వకుళ.